కారిడార్‌కు ఏ సెన్సర్ లైటు? విశాఖ అపార్ట్‌మెంట్లకు ఎంపిక సలహా

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సమావేశంలో కారిడార్ లైట్ల మాట రాగానే మూడు గొంతులు లేస్తాయి. పగలు కూడా లైట్లు వెలుగుతున్నాయి, సెన్సర్లు పెట్టేద్దాం అని ఒకరు అంటారు. చీకట్లో మెట్ల మీద మా అమ్మ పడితే ఎవరిది బాధ్యత అని మరొకరు అడుగుతారు. పక్క అపార్ట్‌మెంట్లో పెట్టినవి ఆరు నెలలకే పోయాయని మూడో ఆయన చెబుతారు. ముగ్గురి మాటా నిజమే. సెన్సర్ కరెంటు మిగులుస్తుంది. చోటు చూడకుండా పెట్టిన సెన్సర్ మనుషుల్ని చీకట్లో నిలబెడుతుంది. సముద్రపు గాలికి తగని సరుకు తెస్తే త్వరగా పాడవుతుంది కూడా. అందుకే ఏ కంపెనీది కొనాలనే ప్రశ్నను పక్కన పెట్టి, ఏ చోట ఏ రకం పనికొస్తుందో ముందు తేల్చుకోవాలి. విశాఖలో ఒకే భవనంలో సముద్రం వైపు తెరిచి ఉన్న వరండా, గాలి ఆడని మెట్లదారి, కింద సెల్లారు పార్కింగ్ మూడూ ఉంటాయి. మూడింటికీ ఒకే పరికరం కొనడం వల్లే ఎక్కువ ఫిర్యాదులు పుడతాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మెట్లు ఉన్న ప్రతి చోటా పూర్తిగా ఆరిపోయే లైటు వద్దు. మనిషి లేనప్పుడు మసకగా ఉండి, మనిషి రాగానే పూర్తిగా వెలిగే రకం పెట్టండి. చదునుగా ఉన్న కారిడార్లో ఆరిపోయే రకం చాలు. ఎందుకన్నది లెక్కతోనే తెలుస్తుంది.

సెన్సర్ కన్నా ముందు దీపం

ఐదు అంతస్తుల భవనం, అంతస్తుకు మూడేసి చొప్పున 15 లైట్లు, రాత్రి 12 గంటలు వెలుగుతాయనుకుందాం. పాతకాలపు చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ ఒక్కొక్కటి చోక్‌తో కలిపి దాదాపు 50 వాట్లు తింటుంది. అంటే రోజుకు 9 యూనిట్లు, నెలకు 270. అవే 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్లు, అంటే ట్యూబ్‌లైటులా పొడవుగా ఉండే ఎల్‌ఈడీ లైట్లు అయితే నెలకు 108 యూనిట్లు. ఏ సెన్సరూ లేకుండానే 162 యూనిట్లు మిగిలాయి. మీ భవనంలో ఇంకా చోక్ ట్యూబ్‌లు ఉంటే సెన్సర్ల గురించి చర్చ ఆపి, ముందు వాటిని మార్చండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం మీద విరుచుకుపడ్డాక వీధి దీపాలన్నీ ఎల్‌ఈడీలకు మారాయి. వీధి మారి ఇన్నేళ్లయినా కొన్ని భవనాల లోపల ఇంకా చోక్‌లు గుయ్‌మంటూనే ఉన్నాయి.

పైగా ట్యూబ్‌లైటుకూ, సీఎఫ్‌ఎల్‌కూ సెన్సర్ తగిలిస్తే నష్టమే. మాటిమాటికీ వెలిగి ఆరితే వాటి ఆయుష్షు తగ్గిపోతుంది. ఎల్‌ఈడీకి ఆ బెడద లేదు.

ఇప్పుడు అవే 20 వాట్ల ఎల్‌ఈడీలకు సెన్సర్ పెడదాం. రాత్రంతా కలిపి ఒక్కో లైటు రెండున్నర గంటలు వెలుగుతుందనుకోండి. సెన్సర్ మనిషి కోసం ఎదురుచూస్తూ కూర్చోవడానికి కూడా కొంత కరెంటు కావాలి, సుమారు అర వాటు, అదీ 24 గంటలూ. అంతా కలిపితే నెలకు 28 యూనిట్లు. మిగిలేది 80. యూనిట్ 7 రూపాయలు అనుకుంటే నెలకు 560 రూపాయలు. సెన్సర్‌కూ కూలికీ కలిపి పాయింటుకు 500 చొప్పున 7,500 ఖర్చయితే 13, 14 నెలల్లో తిరిగి వస్తుంది.

మీ కారిడార్లో ఇప్పటికే 9 వాట్ల బల్బులు ఉంటే లెక్క మారిపోతుంది. సెన్సర్ లేకుండా నెలకు 49 యూనిట్లు, సెన్సర్‌తో 15 లేదా 16. మిగిలేది 33 యూనిట్లు, నెలకు 230 రూపాయల చిల్లర. అదే 7,500 తిరిగి రావడానికి రెండున్నరేళ్లు దాటుతుంది. ఆ లోపు సెన్సర్లలో కొన్ని మార్చాల్సి వచ్చినా ఆశ్చర్యం లేదు. ఇలాంటి భవనానికి పాయింటుకో సెన్సర్ అక్కర్లేదు. రెండు మూడు బల్బులకు ఒక సెన్సర్, లేదా అసలు సెన్సరే లేకుండా కింద చెప్పే టైమరు చాలు.

ఈ 7 రూపాయలు లెక్క కోసం పెట్టుకున్న అంకె మాత్రమే. మీ ఉమ్మడి మీటరు ఏ కేటగిరీలో ఉందో, యూనిట్‌కు ఎంత పడుతోందో ఈపీడీసీఎల్ బిల్లులో చూసి వేసుకోండి. ఆ మీటరు మీదే లిఫ్టు, నీళ్ల మోటారు కూడా ఉంటాయి కాబట్టి బిల్లు మొత్తం చూసి లైట్ల మీద కోపం తెచ్చుకోవద్దు. చాలా భవనాల్లో మోటారుదే పెద్ద వాటా.

వేడిని చూసేది, కదలికను చూసేది

దుకాణంలో దొరికే సెన్సర్లలో ముఖ్యమైనవి రెండు రకాలు. తెల్లటి గుండ్రని ప్లాస్టిక్ లెన్సుతో కనిపించేది పీఐఆర్. అది ఏ కిరణాలనూ పంపదు. మన ఒంటి నుంచి వచ్చే పరారుణ వేడి దాని ముందు ఒక చోటి నుంచి మరో చోటికి జరిగితే గుర్తుపడుతుంది. రెండోదాన్ని దుకాణాల్లో రాడార్ సెన్సర్ అనీ, మైక్రోవేవ్ సెన్సర్ అనీ అంటారు. అది 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర చాలా బలహీనమైన తరంగాలను పంపి, తిరిగి వచ్చిన వాటిలో తేడాను బట్టి కదలికను పసిగడుతుంది. ఆరోగ్యానికి ఏమైనా అవుతుందా అని చాలామంది అడుగుతారు. ఇంట్లో వైఫై రౌటరు వెదజల్లే దానికన్నా దీని శక్తి తక్కువే.

పీఐఆర్‌కు ఉన్న పెద్ద పరిమితి మన ఊరి ఎండాకాలంలోనే బయటపడుతుంది. అది చూసేది వేడి కాదు, వేడిలో తేడా. ఒంటి చర్మం 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెల సాయంత్రం పగలంతా కాగిన పడమటి గోడ కూడా అదే వేడిలో ఉంటే, మనిషికీ గోడకూ తేడా సెన్సర్‌కు సరిగ్గా అందదు. చౌక రకాల డబ్బాల మీద 12 మీటర్ల దూరం అని పెద్దగా వేసి, పక్కనే 24 డిగ్రీల కన్నా తక్కువ వేడిలో అని చిన్న అక్షరాల్లో వేస్తారు. విశాఖలో శీతాకాలం తప్ప రాత్రిళ్లు కూడా వేడి 24 డిగ్రీల కన్నా దిగడం అరుదు. కాబట్టి డబ్బా మీద రాసిన దూరంలో సగం మాత్రమే నమ్మి కొనండి. ఆరు మీటర్లు అనుకుని అమర్చుకుంటే ఏప్రిల్, మే నెలల్లో ఇబ్బంది పడరు.

రెండో పరిమితి, మనిషి అడ్డంగా నడిస్తే పీఐఆర్ వెంటనే పట్టుకుంటుంది, నేరుగా ఎదురొస్తే ఆలస్యంగా పట్టుకుంటుంది. పొడవాటి కారిడార్ చివరి గోడకు సెన్సర్ బిగించి దాన్ని కారిడార్ పొడవునా చూసేలా తిప్పడం ఎలక్ట్రీషియన్లు ఎక్కువగా చేసే పని. చూడటానికి అదే సరైన చోటులా కనిపిస్తుంది. కానీ అక్కడ మనిషి దాని మీదకే నడిచి వస్తాడు, సగం దూరం దాటాకగానీ లైటు వెలగదు. పైకప్పుకు బిగించండి, లేదా పక్క గోడకు బిగించి లిఫ్టు తలుపు ముందు మనిషి అడ్డంగా వచ్చేలా చూడండి. పైకప్పు రకానికి రెండున్నర నుంచి మూడు మీటర్ల ఎత్తు సరిపోతుంది.

రాడార్ రకానికి ఈ రెండు బాధలూ లేవు. ఎండాకాలమైనా చలికాలమైనా ఒకేలా చూస్తుంది, ఎదురొచ్చే మనిషిని ఇంకా బాగా పడుతుంది. దాన్ని లైటు లోపలే దాచవచ్చు కాబట్టి సముద్రపు గాలి నేరుగా తగలదు. అయితే అవసరానికి మించి చూడటమే దాని లోపం. చెక్క తలుపు, గాజు, పలచని గోడ దానికి అడ్డు కావు. ఫ్లాటు లోపల హాల్లో ఎవరో నడిస్తే బయట కారిడార్ లైటు వెలుగుతుంది. షాఫ్టులోని ప్లాస్టిక్ పైపులో నీళ్లు జారినా, లిఫ్టు తలుపు కదిలినా, కిటికీ దగ్గర ఫ్యాను తిరిగినా అది మనిషే అనుకుంటుంది. ఇరుకు కారిడార్లో తలుపులు ఎదురెదురుగా ఉన్న భవనంలో రాడార్ పెడితే రాత్రి 11 వరకూ లైటు ఆరనే ఆరదు. అలాంటప్పుడు సున్నితత్వం తగ్గించే మీట ఉన్నదే కొనాలి. ఆ మీట లేని రాడార్ బల్బు ఎంత చౌకైనా కారిడార్‌కు పనికిరాదు.

పీఐఆర్‌ను మోసం చేసేవి వేరే. కారిడార్ వైపు పెట్టిన ఏసీ బయటి యూనిట్ వదిలే వేడిగాలి, రాత్రి తిరిగే పిల్లి, మెట్ల కింద పడుకునే కుక్క దానికి కనిపిస్తాయి. వానాకాలంలో లైటుకు చేరే పురుగుల కోసం బల్లి వచ్చి లెన్సు మీదే కూర్చుంటుంది. సాలీడు అక్కడే గూడు కడుతుంది. గూడుకు దుమ్ము పట్టి లెన్సును మూసేశాక సెన్సర్ పాడైందని కొత్తది తెస్తారు. ముందు పొడి గుడ్డతో తుడిచి చూడండి.

చప్పుడుకు వెలిగే బల్బులు కూడా అమ్ముతున్నారు. అవి కారిడార్‌కు వద్దు. కుక్క మొరిగినా, స్కూటర్ హారన్ కొట్టినా వెలుగుతాయి, చెప్పులు చేత్తో పట్టుకుని మెల్లగా వచ్చే పెద్దవాళ్లకు మాత్రం వెలగవు.

మెట్ల దగ్గర మసక వెలుతురు ఎందుకు వదలకూడదు

ఆరిపోయే సెన్సర్ లైటుతో మెట్ల మీద ఏమవుతుందో ఒక్క రాత్రి నిలబడి గమనించండి. కిందివైపు దిగే మనిషి ముందు మెట్టు మీద కాలు పెడతాడు, ఆ తరువాతే సెన్సర్ పరిధిలోకి వస్తాడు. ఆ మధ్యలో ఒకటి రెండు మెట్లు చీకట్లోనే గడుస్తాయి. కుర్రవాళ్లకు అది లెక్క కాదు. చూపు మందగించిన వాళ్లకు, చంకలో పిల్లాడు, చేతిలో సంచి ఉన్న తల్లికి ఆ రెండు మెట్లే ప్రమాదం. మోకాళ్ల నొప్పితో మలుపు దగ్గర కాసేపు ఆగిన పెద్దాయన మీద లైటు ఆరిపోవడం ఇంకా ఘోరం. కదలకుండా నిలబడ్డ మనిషిని పీఐఆర్ అస్సలు చూడదు.

రెండు స్థాయుల్లో వెలిగే బ్యాటెన్లు ఇందుకే. ఎవరూ లేనప్పుడు పదో ఇరవయ్యో శాతం వెలుతురుతో మసకగా ఉంటాయి, మనిషి రాగానే పూర్తిగా వెలుగుతాయి. వీటిలో ఎక్కువ భాగం రాడార్ సెన్సర్‌తోనే వస్తాయి. పై లెక్కలోని 15 లైట్లనూ ఇలా మార్చి, మసకగా ఉన్నప్పుడు 4 వాట్లు పోతాయనుకుంటే, నెలకు సుమారు 45 యూనిట్లు అవుతుంది. పూర్తిగా ఆరిపోయే రకంతో 28. తేడా 17 యూనిట్లు, నెలకు 120 రూపాయల లోపు. 15 ఫ్లాట్ల భవనంలో ఇంటికి ఎనిమిది రూపాయలు. ఒక్క మనిషి జారి తుంటి ఎముక విరిగితే ఆసుపత్రికి అయ్యే ఖర్చు ముందు ఈ లెక్క వేయడానికే నాకు మనసు రాదు. మెట్లదారిలో మాత్రమే ఈ రకం పెట్టి, మిగతా చోట ఆరిపోయేవి పెడితే ఆ ఎనిమిది కూడా మూడుకు దిగుతుంది.

రాత్రంతా మసక వెలుతురు ఉంటే సీసీ కెమెరాకు కూడా మేలు. చిమ్మచీకటిలోంచి ఒక్కసారిగా లైటు వెలిగితే మొదటి క్షణాల్లో మొహం తెల్లబారి గుర్తుపట్టలేకుండా ఉంటుంది.

కొండవాలున కట్టిన ఇళ్లకు బయటినుంచే పొడవాటి మెట్ల వరసలు ఉంటాయి. అక్కడ లోపలి మెట్లకన్నా జాగ్రత్త ఎక్కువ కావాలి. ఒక్క సెన్సర్ పై చివర పెడితే కిందినుంచి ఎక్కేవాళ్లకు వెలగదు. పైన ఒకటి, కింద ఒకటి పెట్టి, రెంటిలో ఏది మనిషిని చూసినా లైట్లన్నీ వెలిగేలా కలిపించండి. ఈ పని ఎలక్ట్రీషియన్‌కు కష్టమేమీ కాదు, కానీ అడగకపోతే చేయరు.

అగ్నిప్రమాదం వస్తే దారి చూపే ఎమర్జెన్సీ లైట్లను ఏ సెన్సర్ కిందకూ తేవద్దు. వాటి లైను వేరుగానే ఉండాలి.

ఎక్కడ ఏది

ఒకవైపు గోడ, మరోవైపు పిట్టగోడ లేదా గ్రిల్ ఉన్న తెరిచిన వరండా పాత డాబాల్లో, చిన్న అపార్ట్‌మెంట్లలో ఎక్కువ. అక్కడ పీఐఆర్ మేలు, ఎందుకంటే రాడార్ గ్రిల్ అవతల రోడ్డు మీది కదలికకు కూడా స్పందిస్తుంది. సముద్రం వైపు గాలి వీచే వరండాలో ఆరబెట్టిన బట్టలు రాత్రంతా ఊగుతుంటే రాడార్ ఒక్క నిమిషం కూడా లైటును ఆర్పదు. మూసిన మెట్లదారిలో, లిఫ్టు ముందు ఖాళీలో రాడార్ చక్కగా పనిచేస్తుంది.

సెల్లారు పార్కింగ్ సంగతి వేరు. పగలు కూడా చీకటిగా ఉంటుంది కాబట్టి అక్కడ లైట్లు 24 గంటలూ వెలుగుతుంటాయి. మనిషి ఉండేది మాత్రం రోజు మొత్తంలో కొద్దిసేపే. అంటే సెన్సర్‌తో అన్నిటికన్నా ఎక్కువ మిగిలేది ఇక్కడే. డబ్బులు కొంచెమే ఉంటే మొదట సెల్లారుతోనే మొదలుపెట్టండి. కారు వెనక దాగిన మనిషి పీఐఆర్‌కు కనిపించడు కాబట్టి ఇక్కడ రెండు స్థాయుల రాడార్ బ్యాటెన్లే సరైనవి. మలుపుల దగ్గర ఒకటి రెండు లైట్లు ఎప్పుడూ పూర్తిగా వెలుగుతూ ఉండనివ్వండి.

గాజువాక, కూర్మన్నపాలెం వైపు షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు ఎక్కువగా ఉన్న భవనాల్లో నడిరాత్రి, తెల్లవారుజామున కూడా రాకపోకలు ఉంటాయి. అక్కడ వేళను బట్టి సగం లైట్లు ఆర్పేసే టైమరు కన్నా సెన్సర్ న్యాయమైనది. అందరూ పదింటికల్లా తలుపులు వేసుకునే భవనంలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ టైమరుతో కలిపిన ఫొటోసెల్, అంటే వెలుతురు తగ్గడాన్ని పసిగట్టే సెన్సర్ చాలు. పొద్దుగుంకగానే ఫొటోసెల్ అన్ని లైట్లూ వేస్తుంది, రాత్రి 11కు టైమరు సగం ఆర్పేస్తుంది. అదే 15 లైట్ల భవనంలో 108 యూనిట్లు 74కు దిగుతాయి. సెన్సర్‌తో మిగిలినంత మిగలదు, కానీ కొనేది ఒక్క పెట్టె, పాడయ్యేదీ ఒక్కటే. అయితే ఆర్పే సగంలో మెట్ల లైట్లు ఉండకుండా చూసుకోవాలి.

ఫొటోసెల్ లేకుండా టైమరు ఒక్కటే పెడతామంటే ఒప్పుకోకండి. తూర్పు తీరంలో ఉన్నాం కాబట్టి జూన్‌లో 5:30 లోపే తెల్లారుతుంది, సాయంత్రం ఆరున్నర దాకా వెలుతురు ఉంటుంది. డిసెంబరులో 5:30కే సూర్యుడు దిగిపోతాడు, పొద్దున ఆరు దాటాకగానీ రాడు. ఒకే వేళకు కట్టిన టైమరు ఏడాదిలో సగం రోజులు తప్పు వేళకే వేస్తుంది, ఆర్పుతుంది. ఏడాది పొడవునా ఎవరూ దాన్ని సరిచేయరు.

మెట్ల దగ్గర బటన్ నొక్కితే రెండు మూడు నిమిషాలు వెలిగి ఆరే స్టెయిర్‌కేస్ టైమరు పాత పద్ధతి. దానికి దుమ్ము బాధ లేదు, బల్లి బాధ లేదు. చేతిలో సామాను ఉన్నప్పుడు, చీకట్లో బటన్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇబ్బంది. మెట్ల దగ్గర పూర్తిగా ఆరిపోయే లైటు వద్దన్నాను కానీ, రెండు మూడు కుటుంబాలే ఉన్న ఇంటికి మాత్రం ఇప్పటికీ నేను దీన్నే సూచిస్తాను. లోపల చిన్న ఎర్ర దీపం ఉన్న బటన్ తీసుకోండి.

డాబా మీద, ప్రహరీ వెంట సోలార్ సెన్సర్ లైట్లు బాగానే ఉంటాయి, వైరు లాగే పని ఉండదు. కారిడార్ లోపల ఎండ పడదు కాబట్టి అక్కడ వాటి మాట వద్దు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు డాబా మీదివి ఊడదీసి లోపల పెట్టుకోండి. గాలికి ఎగిరే వస్తువు ఏదైనా కిందివాళ్ల మీదే పడుతుంది.

ఉప్పుగాలి, పోర్టు దుమ్ము

బీచ్ రోడ్డు, లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ తూర్పు వైపు, రుషికొండ ప్రాంతాల్లో ఇనుప స్క్రూ ఏడాది తిరక్కుండా తుప్పు పడుతుంది. సెన్సర్ లోపలి సర్క్యూట్ బోర్డు అంతకన్నా సున్నితం. అక్కడ వరండాలో పెట్టేది ఐపీ 65 గుర్తు ఉన్నదే కొనండి. అంటే దుమ్ము లోపలికి పోదు, నీటి ధార తగిలినా తట్టుకుంటుంది. కానీ ఆ గుర్తు సెన్సర్ పై తొడుగుకే. ఎలక్ట్రీషియన్ వైరు దూర్చడానికి వెనక పెద్ద రంధ్రం చేసి అలాగే వదిలేస్తే ఆ దారినే ఉప్పుతేమ లోపలికి పోతుంది. వైరు కిందినుంచి లోపలికి వెళ్లేలా, రంధ్రం రబ్బరు బిరడాతో మూసేలా దగ్గరుండి చేయించండి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి మీరే కొనివ్వండి, పది రూపాయల తేడా.

పోర్టుకు దగ్గరగా ఉన్న పాత పట్నం వైపు సమస్య ఉప్పుకన్నా నల్లటి దుమ్ము. పీఐఆర్ లెన్సు మీద అది పొరలా పేరుకుంటే చూపు తగ్గుతుంది. నెలకోసారి తుడవడం వాచ్‌మన్ పనుల్లో చేర్చండి, లేదా లైటు లోపల దాగి ఉండే రాడార్ తీసుకోండి.

సముద్రానికి ఎదురుగా ఉన్న భవనాలవాళ్లకు ఇంకొక మాట. శీతాకాలం చివర నుంచి ఎండాకాలం మొదటి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్లలోంచి బయటపడ్డ పిల్లలు వెలుతురు ఎక్కువగా ఉన్న వైపు పాకుతాయి. ప్రకృతిలో అది సముద్రం వైపే. ఒడ్డున తెల్లటి లైట్లు మండుతుంటే అవి రోడ్డు వైపు తిరుగుతాయి. బీచ్ వైపు వరండాల్లో పసుపుపచ్చటి వెలుతురు ఇచ్చే బల్బులు పెట్టి, వాటి మీద కింది వైపుకే కాంతి పడే మూత వేసి, ఎవరూ లేనప్పుడు ఆరిపోయేలా చేస్తే బిల్లుతో పాటు ఆ ప్రాణాలూ మిగులుతాయి. ఇక్కడ మాత్రం మెట్లు లేని వరండాలో మసక వెలుతురు కూడా వద్దంటాను.

వైరింగు దగ్గర తెలుసుకోవాల్సినవి

చాలా భవనాల్లో అన్ని అంతస్తుల కారిడార్ లైట్లకూ కింద ప్యానెల్లో ఒకటో రెండో స్విచ్‌లు ఉంటాయి. సెన్సర్ పెట్టాక ఆ స్విచ్ ఎప్పుడూ వేసే ఉండాలి. అలవాటు కొద్దీ వాచ్‌మన్ పొద్దున ఆపేస్తే మళ్లీ సాయంత్రం వేసేదాకా ఏమీ పనిచేయదు. స్విచ్ మీద టేపు వేసి, ఆయనకు కారణం వివరించి చెప్పండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పీఐఆర్ లైట్లన్నీ ఒక అర నిమిషమో నిమిషమో వెలిగి ఆరతాయి. అది పరిసరాలను అంచనా వేసుకునే సమయం, లోపం కాదు.

విడి సెన్సర్‌కు ఫేజ్‌తో పాటు న్యూట్రల్ కూడా కావాలి. మన స్విచ్ బోర్డుల్లో ప్లగ్గు లేకపోతే న్యూట్రల్ తరచుగా ఉండదు. లైటు పాయింటు దగ్గర రెండూ ఉంటాయి కాబట్టి సెన్సర్‌ను అక్కడే బిగించడం తేలిక. న్యూట్రల్ అక్కర్లేని రెండు వైర్ల సెన్సర్ అంటూ చౌకగా అమ్మేది ఎల్‌ఈడీకి సరిపడదు. అది పనిచేయడానికి కొంచెం కరెంటు బల్బు గుండానే పోవాలి. అందుకే ఆరిపోయిన బల్బు రాత్రంతా మిణుకుమిణుకుమంటుంది.

ఒకే సెన్సర్‌కు చాలా లైట్లు కలిపేటప్పుడు డబ్బా మీద రెండు అంకెలు చూడండి. 1200 వాట్లు అని ఉండేది పాతకాలపు ఫిలమెంటు బల్బులకు. ఎల్‌ఈడీలకు దానికన్నా చాలా తక్కువే రాసి ఉంటుంది. ఎల్‌ఈడీ వెలిగిన మొదటి క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ దెబ్బలు తగిలి తగిలి సెన్సర్ లోపల లైటును వేసి ఆర్పే చిన్న స్విచ్ (రిలే) మొనలు అతుక్కుపోతాయి. అప్పటినుంచి లైటు ఆరనే ఆరదు. పదో పన్నెండో లైట్లు ఒకే సెన్సర్ మీద నడపాలంటే మధ్యలో కాంటాక్టర్, అంటే ఎక్కువ కరెంటును తట్టుకునే పెద్ద రిలే పెట్టించండి.

సెన్సర్ బల్బును గాజు గ్లోబు లోపల పెట్టవద్దు. పీఐఆర్ గాజులోంచి చూడలేదు. రాడార్ చూస్తుంది కానీ మూసిన గ్లోబులో వేడెక్కి ఎల్‌ఈడీ త్వరగా మసకబారుతుంది. ఏ బల్బు కొన్నా దాని మీద ఐఎస్ 16102 అన్న ప్రమాణం సంఖ్యా, రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్నాయో లేదో చూడండి.

బిగించాక మూడు మీటలు సర్దుకోవాలి. టైమ్ అన్నది మనిషి వెళ్లిపోయాక ఎంతసేపు వెలగాలో చెబుతుంది. కారిడార్‌కు ఒక నిమిషం, మెట్లకు రెండు. ఐదు సెకన్లకు పెట్టి కరెంటు మిగిలిందని సంబరపడవద్దు, తాళం తీసుకునేలోపే చీకటి పడుతుంది. లక్స్ అన్నది ఎంత చీకటి పడ్డాక పనిచేయాలో చెబుతుంది. కొత్త డబ్బాలో అది చాలాసార్లు సూర్యుడి బొమ్మ వైపే ఉంటుంది, అంటే పట్టపగలు కూడా లైటు వెలుగుతుంది. సాయంత్రం సరిగ్గా లైటు అవసరమనిపించే వేళకు నిలబడి ఆ మీటను చంద్రుడి వైపు కొంచెం కొంచెంగా తిప్పుతూ సర్దాలి. మధ్యాహ్నం వచ్చే ఎలక్ట్రీషియన్‌తో ఈ పని కాదు, సాయంత్రం ఆరింటికి రమ్మనండి. సున్నితత్వం మీట మధ్యలో పెట్టి మొదలుపెట్టండి.

అన్ని అంతస్తులకూ ఒకేసారి కొనకండి. పెద్దవాళ్లు ఎక్కువగా ఉన్న ఒక అంతస్తులో, సెల్లారులో ఒక వరసలో ముందు పెట్టించి నెల రోజులు చూడండి. అక్కడివాళ్లు చెప్పే ఫిర్యాదులే మిగతా అంతస్తులకు కొలత. ఎక్కడ ఆలస్యంగా వెలిగింది, ఎక్కడ ఊరికే వెలిగింది అన్నది ఒక పుస్తకంలో రాయించండి. వీలైతే ఆ లైనుకు చిన్న సబ్‌మీటరు పెట్టిస్తే వాదనలు ఉండవు. మిగతావి కొనేటప్పుడు అదే మోడల్ తీసుకుని, వారంటీ తేదీ వేసిన బిల్లు అసోసియేషన్ పేరు మీద రాయించుకోండి. రెండు మూడు అదనంగా కొని వాచ్‌మన్ గదిలో పెట్టించండి, ఏడాది తరువాత వెళ్తే అదే మోడల్ దుకాణంలో దొరకకపోవచ్చు.